ఖాళీగా కూర్చున్న రాయబారులు

బతుకమ్మ సెలవులకు కరీంనగర్ నుంచి వచ్చిన మా మేనల్లుడు హనుమకొండలోని మా ఇంట్లో వారం రోజులు ఉన్నాడు. అందులో నాలుగు రోజులు నా కంప్యూటర్ ముందే గడిచాయి. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’లో విజయనగరాన్ని ఎంచుకుని, 1444 నవంబరులో ఆట మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళు తిరగకముందే బహమనీ రాజ్యంలో సగానికి పైగా కలుపుకొన్నాడు. ఆ వెంటనే ఒరిస్సా గజపతుల తీరప్రాంతాన్ని కూడా ఒకే యుద్ధంలో లాక్కున్నాడు. దక్షిణాదిలో వాడి సైన్యానికి సాటివచ్చే సైన్యం లేదు. మూడో రోజు సాయంత్రం నేను వంటింట్లో చాయ్ తాగుతుండగా వచ్చి, “మామా, నేను వీళ్ళనేమీ అనలే. అందరూ కలిసి ఒక్కసారే మీదికొచ్చిండ్రు” అన్నాడు.

వెళ్ళి చూశాను. మిగిలిన బహమనీలు, గుజరాత్, మాళ్వా, ఒరిస్సా కూటమి కట్టి యుద్ధం ప్రకటించాయి. వాటిలో ఏ ఒక్కదాన్నైనా వాడు విడిగా ఓడించగలడు; నాలుగింటినీ ఒకేసారి ఎదుర్కోలేడు. తెరకు కుడివైపు ఉన్న పట్టీలో రాయబారుల పేర్లు రెండు కనిపిస్తున్నాయి. ఆ రెండు పేర్ల పక్కనా ఏ పనీ లేదు, ఇద్దరూ రాజధానిలోనే ఉన్నారు. “వీళ్ళు ఎన్నేండ్ల నుంచి ఖాళీగ ఉన్నరురా?” అని అడిగితే, “వాళ్ళతోని ఏం పని మామా, గెలుస్తనే ఉన్న గదా” అన్నాడు.

ఆ మాటే ఈ వ్యాసం రాయించింది. సామ్రాజ్యాలు కట్టే ఆటలు ఇరవై ఏళ్ళుగా ఆడుతున్న నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. గెలుస్తున్నప్పుడు దౌత్యం అనవసరమనీ, ఓడిపోతున్నప్పుడు మాత్రమే రాయబారిని పంపాలనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అది తలకిందులైన అభిప్రాయమని ఇప్పుడు నా నమ్మకం. దౌత్యానికి ఎక్కువ విలువ దక్కేది మనం బలంగా ఉన్న రోజునే. ఆ రోజు ఎంతమంది పొరుగువారిని నెమ్మదిగా ఉంచగలమో అంతవరకే విస్తరించాలి. సైన్యం ఈ రెంటికీ జమానతు.

ఈ తరహా ఆటలకు ‘ఫోర్ ఎక్స్’ అన్న పేరును 1993లో అలన్ ఎమ్రిచ్ అనే రచయిత ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ ఆట గురించి రాస్తూ పెట్టాడు. వెతుకు, విస్తరించు, వనరులు వాడుకో, నిర్మూలించు అన్నవి ఆ నాలుగు మాటలు; ఇంగ్లీషులో నాలుగూ ‘ఎక్స్’ శబ్దంతోనే మొదలవుతాయి. నాలుగింటిలో ఒక్కటైనా ‘మాట్లాడు’ అనదు. పేరులోనే లేని పనిని ఆటగాడు చిల్లర పనిగా చూడటంలో ఆశ్చర్యం లేదు. మన దగ్గర వరస వేరు. కౌటిల్యుడు రాజుకు చెప్పిన ఆరు గుణాలలో సంధి మొదటిది, విగ్రహం, అంటే యుద్ధం, రెండవది. సంధివల్లా యుద్ధంవల్లా ఒకే లాభం వచ్చేటట్లుంటే సంధినే ఎంచుకోవాలనీ, యుద్ధంలో నష్టం, ఖర్చు, పరదేశవాసం, పాపం ఉంటాయనీ ఆయన స్పష్టంగా చెప్పాడు. ఆయన శాంతివాది కాడు, లెక్క తెలిసినవాడు.

గెలిచిన రోజున ఎంత తీసుకోవాలి

మేనల్లుడి ఆటను వెనక్కి తీసుకెళ్ళి, బహమనీలతో రెండో యుద్ధం ముగిసిన రోజున వాడు భద్రపరచుకున్న ఫైలు తెరిచాము. సంధి తెర మీద వాడు ఏ ప్రాంతం మీద నొక్కినా, ఆ ప్రాంతం తీసుకుంటే ఎవరెవరికి ఎంత కోపం వస్తుందో పక్కనే అంకెల్లో కనిపిస్తుంది. ఈ కోపం ఒక దేశానికి మన మీద 50 దాటితే అది మనకు వ్యతిరేకంగా కూటమిలో చేరగలదు. వాడు ఆ అంకెలను ఒక్కసారైనా చూడలేదు. ఓడిన శత్రువు ఇవ్వగలిగిందంతా ఇప్పుడే గుంజుకోవాలన్న ఆత్రంలో, వరసగా నొక్కుకుంటూ పోయాడు.

ఈ ఆత్రం నాకు బాగా తెలుసు. యుద్ధానికి డబ్బు, మనుషులు, సమయం ఖర్చయ్యాక వచ్చిన అవకాశాన్ని సగంలో వదలడమంటే నష్టపోయినట్లే అనిపిస్తుంది. కానీ సంధి తరువాత 5 నుంచి 15 ఏళ్ళ దాకా ఉండే యుద్ధవిరామం ఓడినవాడితో మాత్రమే; చూస్తున్నవాళ్ళతో కాదు. మనం ఎంత తీసుకున్నామో చూసి, రేపు తమ వంతు ఎంతో వాళ్ళు అంచనా వేసుకుంటారు. ఎక్కువ తీసుకోవడం వల్ల వచ్చే నష్టం ఓడినవాడి నుంచి రాదు, యుద్ధంలో లేనివాడి నుంచి వస్తుంది. మా వాడికి గుజరాత్‌తో ఎన్నడూ గొడవ లేదు. కూటమికి పెద్ద అదే.

ఇక్కడ ఓరుగల్లు మనిషిగా నాకు కాకతీయ గణపతిదేవుడు గుర్తుకు రాక తప్పదు. ఆయన కథలో మొదట ఓడినవాడు ఆయనే. దేవగిరి యాదవులతో యుద్ధాల్లో పెదతండ్రి రుద్రదేవుడు, ఆ తరువాత తండ్రి మహాదేవుడు పోయారు. గణపతిదేవుడు దేవగిరిలో బందీ అయ్యాడు. యాదవ రాజు జైతుగి ఓరుగల్లును మింగేయవచ్చు. రేచర్ల రుద్రుడి వంటి సేనాని ఇక్కడ రాజ్యాన్ని పడిపోకుండా పట్టుకుని ఉన్నాడు కాబట్టి, మింగినా అరిగేది కాదని జైతుగికి తోచిందో ఏమో, బందీని విడిచిపెట్టి రాజ్యం తిరిగి ఇచ్చాడు. 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడు అరవై మూడేళ్ళు పాలించాడు. ఆ కాలమంతటిలో ఆయన చూపు ప్రధానంగా తూర్పు తీరం మీదా, దక్షిణం మీదా ఉంది. దేవగిరి మీద లేదు. యాదవులకు ఒక సరిహద్దు రెండు తరాలపాటు దాదాపు నెమ్మదించింది. ఆటలో ఇంత చవకగా ఇంత లాభం తెచ్చిన సంధి నేను ఎన్నడూ చేయలేదు.

తనకు జరిగిన దాన్ని గణపతిదేవుడు మరచిపోలేదనడానికి దివిసీమే సాక్ష్యం. దివిసీమను గెలిచాక అక్కడి అయ్య వంశాన్ని తుడిచిపెట్టలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను వివాహమాడాడు. వాళ్ళ తమ్ముడు జాయపను తన గజసాహిణిని చేశాడు, అంటే ఏనుగుల దళాన్ని ఓడినవాళ్ళ అబ్బాయి చేతిలో పెట్టాడు. ఆ జాయపే తరువాత నృత్తరత్నావళి రాశాడు. కుమార్తె గణపాంబను ధరణికోటను ఏలే కోట వంశానికి ఇచ్చాడు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చాడు. తీరమంతా ఆయన సైన్యంతో గెలిచిన దానికన్నా వియ్యంతో నిలుపుకున్నది ఎక్కువ. 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం కూడా ఇదే తోవలోది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజు స్వాధీనం చేసుకునే పాత అలవాటును ఆయన మానుకున్నాడు. ముప్పదింట ఒక వంతు సుంకం మాత్రం తీసుకుని మిగతాది వర్తకుడికి విడిచిపెడతానని రాతి మీద చెక్కించాడు. తీసుకోగలిగినదాన్ని తీసుకోకపోవడం వల్ల రేవుకు ఓడలు వస్తాయని ఆయనకు తెలుసు.

యూరోపాలో ఈ పద్ధతికి దగ్గరి దారి సామంతుడిని చేసుకోవడం. ఓడిన రాజ్యాన్ని నేరుగా కలుపుకోకుండా, పక్కన ఒక చిన్న సామంతుడిని నిలబెట్టి, అతని పాత భూములను అతనికి తిరిగి ఇప్పిస్తే వచ్చే చెడ్డపేరు తక్కువ. పదేళ్ళు గడిచి, సత్సంబంధాలు పెరిగాక ఆ రాజ్యాన్ని యుద్ధం లేకుండానే కలుపుకోవచ్చు. మెల్లగా సాగే పని, రాయబారి సమయాన్ని తినే పని. అందుకే చాలామంది చేయరు.

జమానతు లేని మాట

ఇంతవరకు చదివి, సైన్యాన్ని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే, నేను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పాలి. ‘సివిలైజేషన్ 6’ కొత్తగా ఆడుతున్న రోజుల్లో దౌత్యం మీద నాకు మితిమీరిన విశ్వాసం ఏర్పడింది. కలిసిన ప్రతి రాజుకూ కలిసిన టర్నులోనే 25 బంగారం ఖర్చుతో రాయబార బృందాన్ని పంపేవాణ్ని. అప్పటికింకా ఆ రాజుకు మన మీద ఏ అభిప్రాయమూ ఉండదు కాబట్టి తిరస్కరించడు. ఆలస్యం చేస్తే తిరస్కరిస్తాడు. అది మంచి అలవాటు, ఇప్పటికీ మానలేదు. పక్కనున్న ఆజ్టెక్ రాజు మాంటెజుమాతో స్నేహం కూడా ప్రకటించుకున్నాను. ఆ ధైర్యంతో ఇద్దరు యోధులను, ఒక విలుకాణ్ని మాత్రం కాపలా ఉంచి, మిగతా శ్రమంతా కొత్త నగరాల మీద, కట్టడాల మీద పెట్టాను.

స్నేహ ప్రకటన ముప్పై టర్నులు ఉంటుంది. ముప్పై ఒకటో టర్నుకు ఆయన పలకరింపు మారిపోయింది. తన దగ్గర లేని విలాసవస్తువులు పొరుగువాడి దగ్గర ఉంటే ఓర్వలేని స్వభావం ఆటలో ఆయనకు పెట్టారు. నా దగ్గర అవి నాలుగు రకాలు ఉన్నాయి, వాటిని కాచే సైన్యం లేదు. ఆయన ఈగిల్ యోధులు సరిహద్దు దాటి వచ్చాక, ఓడిన నా సైనికులు ఆయనకు పనివాళ్ళుగా మారి, నా పొలాల పక్కనుంచే ఆయన రాజ్యానికి నడిచి వెళ్ళడం చూస్తూ కూర్చున్నాను. ఆ ఈగిల్ యోధులకున్న ప్రత్యేక శక్తే అది. నేను పోగుచేసిన సత్సంబంధాలు అబద్ధం కావు, కానీ వాటికి హామీగా నిలబడే దన్ను లేదు. పత్రం మీద సంతకం ఎంత అందంగా ఉన్నా, జమానతు లేనిదే మన ఊళ్ళో ఎవరూ అప్పు ఇవ్వరు గదా.

అప్పటినుంచి సైన్యం ఎంత ఉండాలన్న ప్రశ్నను నేను వేరేగా వేసుకుంటున్నాను. శత్రువును గెలవడానికి ఎంత కావాలి అని లెక్కించడం మానేశాను. నేను ఒక సరిహద్దులో పోరాడుతున్నప్పుడు మరో సరిహద్దులో ఉన్నవాడికి ఆశ పుట్టకుండా ఎంత కావాలి అని లెక్కిస్తున్నాను. కౌటిల్యుడు వెనకనుంచి మడమ పట్టుకునేవాణ్ని పార్ష్ణిగ్రాహుడు అన్నాడు. సగం సైన్యం ఆ మడమ కోసమే. అది యుద్ధం చేయకుండా కూర్చుని జీతం తింటున్నట్లు కనిపిస్తుంది. నిజానికి దాని పని ఆ కూర్చోవడమే.

యుద్ధం లేని విస్తరణలోనూ ఇదే చిక్కు ఉందని మాత్రం క్లుప్తంగా చెబుతాను. 2018లో వచ్చిన ‘రైజ్ అండ్ ఫాల్’ అనే అదనపు భాగంతో సివిలైజేషన్ 6లో నగరాలకు విధేయత అనే లెక్క చేరింది. ఇనుము కోసం ఆశపడి పొరుగువాడి పెద్ద నగరాల పక్కన నేను కట్టిన చిన్న ఊరు, తొమ్మిది గడుల దూరంలోపు ఉన్న వాళ్ళ జనం ఒత్తిడికి తట్టుకోలేక మొదట స్వతంత్ర నగరమైంది, తరువాత వాళ్ళదైపోయింది. ఒక్క బాణం పడలేదు. గవర్నర్‌ను పంపితే నిలబడేది, కానీ నా గవర్నర్లందరూ అప్పటికే వేరే చోట్ల ఉన్నారు. మనుషులు చాలనప్పుడు కలుపుకున్న భూమి మనది కాదు.

నా వాదానికి ఎదురు నిలిచేవి

ఈ వాదానికి గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, తొలి దశలో దాడి పనిచేస్తుంది. సివిలైజేషన్ 6లో అన్నిటికన్నా కఠినమైన ‘డైటీ’ స్థాయిలో కంప్యూటర్ రాజులు కొత్త నగరాలు స్థాపించే సెట్లర్లు మూడేసి మందితో మొదలుపెడతారు, మనకు ఒక్కటే. పక్కవాడి నగరాలను మొదటి యాభై అరవై టర్నుల్లో లాక్కోవడం కన్నా వేగమైన విస్తరణ లేదు. ఆ కాలంలో యుద్ధం తెచ్చే చెడ్డపేరూ తక్కువే. దీన్ని నేను కాదనలేను, నేనూ చేస్తాను. అయితే అది చెల్లడానికి కారణం అప్పటికి మనల్ని చూస్తున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో కావడం. చూసే కళ్ళు పెరిగేకొద్దీ అదే దాడి ధర పెరుగుతుంది.

రెండోది నన్ను ఎక్కువగా బాధపెట్టే అభ్యంతరం. ఓడినవాణ్ని బతకనిస్తే, సామంతుణ్ని పెంచితే, వాడు ఒకరోజు ఎదురు తిరగడా? తిరుగుతాడు. రుద్రమదేవి కాలంలో కాయస్థ అంబదేవుడు అదే చేశాడు. కాకతీయుల కింద పెరిగిన వంశమే కాకతీయుల మీద కత్తి దూసింది. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జునుడు మరణించారని చెబుతుంది. అంబదేవుడితో జరిగిన పోరులోనే వాళ్ళు పోయారని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. యూరోపా ఆటలోనూ సామంతుల బలం పెరిగేకొద్దీ వాళ్ళ స్వేచ్ఛాకాంక్ష పెరుగుతుంది, అది 50 శాతం చేరితే మాట వినరు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకే సామంతుణ్ని పెద్దచేయకుండా నలుగురిని సమానంగా ఉంచడం, వాళ్ళందరి బలం కలిపినా మనకన్నా బాగా తక్కువ ఉండేట్లు చూసుకోవడం నేను చేసే పని. అది కూడా మళ్ళీ సైన్యం దగ్గరికే వస్తుంది.

గణపతిదేవుడు సైతం అంతటా హద్దు పాటించాడని చెప్పలేను. నెల్లూరు మనుమసిద్ధి తరఫున సాయం కోరుతూ తిక్కన ఓరుగల్లుకు రాయబారిగా వచ్చాడని మనం చిన్నప్పటినుంచి వింటున్న కథ. ఆ సాయం దక్షిణాన కాకతీయుల చేతిని కంచి దాకా చాచింది. చివరికి పాండ్య జటావర్మ సుందరుడి చేతిలో ముత్తుకూరు దగ్గర ఓటమి ఎదురైంది. వియ్యాలతో కట్టిన తీరం నిలిచింది, సైన్యంతో చాచిన దక్షిణం జారిపోయింది. ఈ తేడాను నేను ఆటలో ప్రతిసారీ గుర్తుచేసుకుంటాను.

మూడో అభ్యంతరం, కంప్యూటర్ రాజుల కోపతాపాలు అంకెలే కాబట్టి దౌత్యం కూడా అంకెల గారడీయే అన్నది. ఇందుకు జవాబు నాకు ఆటలో కాదు, ఇంటర్నెట్ సెంటర్‌లో దొరికింది. డిగ్రీ చదివే రోజుల్లో హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సెంటర్‌లో నలుగురం కలిసి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఆడేవాళ్ళం. మిత్రత్వం ఆట మధ్యలో మార్చుకునే వీలు ఉంచుకునేవాళ్ళం. ఒక ఆటలో నేను చితికిపోయి ఉన్నాను. నా పక్క కంప్యూటర్ మీద ఉన్న స్నేహితుడు మార్కెట్ నుంచి నాకు బంగారం, రాయి పంపుతూ పోయాడు. అప్పట్లో ఆ ఆటలో వంద పంపాలంటే నూట ముప్పై పోతుంది. ఆ ముప్పై తగ్గించే పరిజ్ఞానం వాడింకా సాధించలేదు. తన కోట ఆపుకుని మరీ పంపాడు. గంట తరువాత నా సైన్యం తేరుకున్నాక, వాడి సరిహద్దు ఖాళీగా కనిపించి, వాడి పేరు పక్కనున్న గుర్తును మిత్రుడి నుంచి శత్రువుకు మార్చి దాడి చేశాను. గెలిచాను కూడా. వాడు ఏమీ అనలేదు, హెడ్‌ఫోన్లు తీసి కీబోర్డు మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత నెల రోజులు ఆ సెంటర్‌లో ఎవరూ నాతో పొత్తుకు ఒప్పుకోలేదు. కంప్యూటర్ రాజు కోపం కొన్ని టర్నులకు అరిగిపోతుంది. ఆ స్నేహితుడికి ఆ సంగతి ఇప్పటికీ గుర్తే. కిందటేడు ఒక పెళ్ళిలో కలిసినప్పుడు తనే ఎత్తాడు. కాబట్టి ఆటలోని అంకెలు అబద్ధమని నేను అనను. మనుషుల జ్ఞాపకం కన్నా అవి మన మీద దయగలవి.

ఖిలాలో ఒక సాయంత్రం

నాలుగో రోజు వాణ్ని ఖిలా వరంగల్ తీసుకెళ్ళాను. ముందు మట్టికోట, తరువాత అగడ్త, ఆ తరువాత నలభై అయిదు బురుజుల రాతికోట. ద్వారం లోపలికి పోయే దారి నేరుగా ఉండదు, ఒకసారి తిరిగి మళ్ళీ తిరుగుతుంది. ఏనుగుతో పరుగెత్తుకు వచ్చి తలుపును గుద్దే వీలు లేకుండా అలా కట్టారు. సున్నం లేకుండా పేర్చిన రాళ్ళ సందుల్లో వాడు వేలు దూర్చి చూశాడు. “ఇంత కోట ఉన్నంక ఎట్ల ఓడిండ్రు మామా?” అని అడిగాడు.

1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ మట్టికోట దాటి రాతికోటను చుట్టుముట్టినప్పుడు ప్రతాపరుద్రుడు కప్పం ఇచ్చి సంధి చేసుకున్నాడనీ, కోట నిలిచే ఉందనీ చెప్పాను. ఆ సంధితో కొన్నేళ్ళ సమయం దొరికింది. 1321లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ ముట్టడి విఫలమై వెనుదిరిగాక, ప్రమాదం తప్పిందని ఇక్కడ ఉత్సవం చేసుకుని ధాన్యపు కొట్లు తెరిచారని చరిత్రకారులు రాస్తారు. 1323లో వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు నెలల తరబడి ముట్టడిని తట్టుకునే తిండి లేదు. యాదవులు, హొయసలులు, పాండ్యులు, కాకతీయులు నలుగురూ ఢిల్లీ వచ్చేనాటికి ఒకరితో ఒకరు వందేళ్ళుగా పోరాడి ఉన్నారు. 1311లో పాండ్యుల మీదికి పోయిన ఢిల్లీ సేనలో ఓరుగల్లు సేన కూడా ఉంది. ఆ నాలుగు రాజ్యాలూ కలిసి ఢిల్లీకి ఎదురుగా కూటమి కట్టలేదు.

“అంటే నా మీద కట్టినట్టు వీళ్ళు ఢిల్లీ మీద కట్టలే” అన్నాడు వాడు. ఆ మాట నాకు తట్టలేదు, వాడికి తట్టింది.

ఇంటికి వచ్చాక రెండో యుద్ధం ముగిసిన రోజు నుంచే మళ్ళీ ఆడాడు. సంధి తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. లోపలి ప్రాంతాలు మూడు వదిలేశాడు, పడమటి తీరాన రేవు ఒకటి మాత్రం తీసుకున్నాడు. నేనైతే రేవు వదిలేవాణ్ని. గుజరాత్‌కు కోపం తెప్పించేది అదే. ఆ సంగతి చెబితే, “రేవు లేకుంటే పైసలెట్ల వస్తయ్ మామా” అన్నాడు, అదీ నిజమే. ఒక రాయబారిని గుజరాత్‌కు పంపాడు, రెండోవాణ్ని ఒరిస్సాకు. సెలవులు అయిపోయి ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసుకుని కరీంనగర్ వెళ్ళేనాటికి బహమనీలతో యుద్ధవిరామం నాలుగేళ్ళు మిగిలి ఉంది, వాళ్ళు మాళ్వాతో పొత్తు కుదుర్చుకున్నారు, గుజరాత్ కోపం 43 దగ్గర ఉంది.